రెండు ట్రయల్స్ మధ్య జీతం ఎవరిస్తారు?

2024 జూలైలో మ్యూనిక్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో కేప్‌టౌన్ నుంచి వచ్చిన డాక్టర్ లిండా-గెయిల్ బెకర్ ఒక సున్నాను చదివి వినిపించారు. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్ఐవీ సోకలేదు. రోజూ మాత్ర వేసుకోమని ఇచ్చిన రెండు బృందాల్లో మాత్రం, ఒకదానిలో 2,136 మందికి గాను 39 మందికి, రెండోదానిలో 1,068 మందికి గాను 16 మందికి సోకింది. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మర్నాడు వార్తలన్నీ మందు గురించే, దాన్ని తయారు చేసిన గిలియడ్ కంపెనీ గురించే. ఆ సున్నా పుట్టిన చోటు గురించి రాసింది తక్కువ. పర్పస్-1 అనే ఆ ట్రయల్ దక్షిణాఫ్రికాలో 25 కేంద్రాల్లో, ఉగాండాలో 3 కేంద్రాల్లో జరిగింది. 16 నుంచి 25 ఏళ్ళ లోపు అమ్మాయిలు 5,300 మందికి పైగా అందులో చేరారు. వాళ్ళను వెతకాలి, ఇంట్లోవాళ్ళ అనుమానాలు తీర్చాలి, వాళ్ళ భాషలోనే అంతా చెప్పి సంతకం తీసుకోవాలి. ఊరు మారినా ఫోన్ నంబర్ మారినా మళ్ళీ పట్టుకోవాలి. రక్తం తీసి గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి, కరెంటు పోయినా ఫ్రీజర్ ఆగకుండా చూడాలి. రాసిన ప్రతి అంకెకూ వెనక కాగితం ఉండాలి. ఇదంతా చేసే నర్సులు, కౌన్సిలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, డేటా మేనేజర్లు ఒక్క రోజులో తయారవరు. ఒక ట్రయల్ ముగిసి ఇంకోటి మొదలయ్యేదాకా వాళ్ళను ఎవరు నిలబెట్టుకుంటారన్నది ఆఫ్రికా హెచ్ఐవీ పరిశోధనలో ముప్ఫై ఏళ్ళుగా తేలని లెక్క. సామర్థ్య నిర్మాణం అని సదస్సుల్లో ఎంత గంభీరంగా పలికినా, దాని అసలు ముడి అక్కడే ఉంది.

ఈ ట్రయల్స్ ఆఫ్రికాలోనే ఎందుకు జరుగుతాయంటే, ముందుగా దానికి ఒక లెక్క ఉంది. నివారణ ట్రయల్‌లో చూసేది రోగం తగ్గిందా అని కాదు, కొత్తగా సోకిందా లేదా అని. ఏడాదికి వెయ్యి మందిలో ఒకరికి మాత్రమే సోకే చోట 10,000 మందిని ఏడాది పాటు గమనిస్తే పది కేసులు వస్తాయి. పది కేసులతో ఏ మందు గురించీ ఏమీ తేల్చలేం. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో నివారణ జెల్‌ను, మాత్రలను పరీక్షిస్తూ 2009 నుంచి 2012 వరకు జరిగిన వాయిస్ ట్రయల్‌లో ఏడాదికి నూటికి 5.7 మందికి వైరస్ సోకింది. గర్భనిరోధక ఇంజెక్షన్ మీద జరిగి, 2019లో ఫలితాలు వచ్చిన ఎకో ట్రయల్‌లో ఆ రేటు 3.8. ఇలాంటి చోట కొన్ని వేల మందితో, రెండు మూడేళ్ళలో జవాబు వస్తుంది. అంటే ఆ ప్రాంతానికి పరిశోధన కేంద్రాలు తెచ్చిపెట్టింది అక్కడి ఆడపిల్లల దురదృష్టమే. ఈ మాట చేదుగా ఉన్నా దాచుకోనక్కర్లేదు.

ఈ రేటు కూడా ముందే ఎవరో చేతికిచ్చేది కాదు, ఏళ్ళ తరబడి జనాన్ని గమనించి కొలవాల్సిందే. హెచ్ఐవీ సోకకుండా ఆడవాళ్ళు యోనిలో వాడే సేవీ అనే జెల్‌ను పరీక్షించడానికి ఘనాలోనూ నైజీరియాలోనూ 2000ల మధ్యలో ట్రయల్స్ మొదలుపెట్టారు. తీరా చూస్తే అనుకున్నంత మందికి వైరస్ సోకడం లేదు. జనానికి అది మంచి వార్తే. ట్రయల్‌కు మాత్రం అదే గొడ్డలిపెట్టు. ఎన్ని నెలలు నడిపినా జవాబు రాదని తేలి రెండిటినీ మధ్యలోనే ఆపేశారు.

ఉగాండాలో కథ వేరుగా మొదలైంది. అక్కడి వైద్యులు డేవిడ్ సెర్వాడా, నెల్సన్ సెవన్‌కాంబో మనిషిని ఎముకల గూడులా మార్చేస్తున్న కొత్త జబ్బు గురించి 1985లోనే లాన్సెట్ పత్రికలో రాసినవాళ్ళలో ఉన్నారు. జనం దాన్ని ‘స్లిమ్’ అనేవారు. 1988లో వాళ్ళే కొలంబియా, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయాలవాళ్ళతో కలిసి రాకాయ్ జిల్లాలో ఊరూరా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించే పని మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, మగవాళ్ళకు సున్తీ చేస్తే హెచ్ఐవీ ముప్పు సగం లేదా అంతకు పైగా తగ్గుతుందని నిరూపించిన మూడు ట్రయల్స్‌లో ఒకటి ఆ రాకాయ్‌లోనే, 4,996 మంది మగవాళ్ళతో జరిగింది. మిగతా రెండు దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫామ్‌లో, కెన్యాలోని కిసుములో. ఎప్పటినుంచో గమనిస్తున్న జనం, తెలిసిన ఇళ్ళు, తెలిసిన ముఖాలు ఉండబట్టే అది కుదిరింది.

ఆ రోజుల్లో మామూలుగా నడిచిన పద్ధతి ఇలా ఉండేది కాదు. విదేశీ పరిశోధకుడు విమానం దిగడం, రక్తం నమూనాలు తీసుకోవడం, విమానం ఎక్కడం. ఏడాది తర్వాత పెద్ద పత్రికలో వ్యాసం వస్తుంది. రక్తం తీసిపెట్టిన స్థానిక డాక్టరు పేరు వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఉంటే అదే గొప్ప. నమూనాను విశ్లేషించే యంత్రం అక్కడ లేదు, ఉన్నా నడిపేవాడు లేడు, నేర్చుకున్నవాడు ఉంటే అతనికి అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉద్యోగం దొరుకుతుంది.

దీన్ని తిప్పికొట్టిన ప్రయత్నాల్లో అన్నిటికన్నా వివరంగా చూడాల్సింది డర్బన్ కథ. సలీం అబ్దుల్ కరీం, ఖురైషా అబ్దుల్ కరీం దంపతులు 1980ల చివర్లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎపిడెమియాలజీ, అంటే జనంలో రోగాలు వ్యాపించే తీరును లెక్కగట్టే శాస్త్రం, చదివారు. అక్కడ వాళ్ళకు గురువులు జీనా స్టీన్, మెర్విన్ సస్సర్. వాళ్ళూ దక్షిణాఫ్రికావాళ్ళే, 1950ల్లోనే వర్ణవివక్ష పాలనను వదిలి వెళ్ళిపోయినవాళ్ళు. ఆడవాళ్ళు మగవాడి అనుమతి లేకుండా తమంత తాము వాడుకోగల నివారణ సాధనం కావాలని 1990లో వాదించింది ఆ జీనా స్టీనే. డర్బన్ తిరిగొచ్చిన ఖురైషా అదే కాలంలో చేసిన సర్వేలో తేలింది, టీనేజీ అమ్మాయిల్లో వైరస్ వాళ్ళ ఈడు అబ్బాయిల్లో కన్నా చాలా ఎక్కువగా ఉందని. ఆ అమ్మాయిలకు ఏం ఇవ్వాలి? కండోమ్ వాడమని చెప్పే స్థితిలో వాళ్ళు లేరు. ఆ ప్రశ్న న్యూయార్క్‌లో అడిగింది కూడా దక్షిణాఫ్రికా మనిషే, దానికి అంకెలు దొరికింది డర్బన్ చుట్టుపక్కల ఊళ్ళలో.

(డర్బన్‌తో తెలుగువాళ్ళకు పాత చుట్టరికమే ఉంది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి కూలీలతో ట్రూరో అనే మొదటి ఓడ అక్కడికి చేరింది. తర్వాతి ఓడల్లో మన కోస్తా జిల్లాలవాళ్ళూ వెళ్ళారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కరీం దంపతులు తెలుగువాళ్ళు కారు గానీ, అదే నేటాల్ భారతీయ సమాజం నుంచి వచ్చినవాళ్ళు.)

1993 నుంచి కొలంబియాతో కలిసి, అమెరికా ప్రభుత్వానికి చెందిన ఫోగార్టీ సెంటర్ డబ్బుతో ఒక శిక్షణ కార్యక్రమం నడిచింది. దక్షిణాఫ్రికా, పొరుగు దేశాల నుంచి 600 మందికి పైగా పరిశోధకులు దాని ద్వారా తయారయ్యారు. బయటికి పంపి చదివించడం చాలామంది చేశారు. చదివి వచ్చినవాళ్ళు కూర్చుని పనిచేసే చోటు ఒకటి ఉండాలని 2002లో కాప్రిసా అనే సంస్థ పెట్టడం ఇక్కడ తేడా. తిరిగొచ్చినవాడికి గది, ల్యాబ్, జీతం, చేతినిండా పని లేకపోతే ఆ చదువు వీసాకు పనికొస్తుంది తప్ప దేశానికి కాదు. ఈ సంగతి మన విశ్వవిద్యాలయాలవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2010 జూలైలో వియన్నాలో కాప్రిసా 004 అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. డర్బన్ నగరంలోనూ, వులిండ్లెలా అనే పల్లె ప్రాంతంలోనూ 889 మంది ఆడవాళ్ళకు టెనోఫోవిర్ అనే హెచ్ఐవీ మందు కలిపిన జెల్ లేదా మందు లేని జెల్ ఇచ్చారు. మందు ఉన్న జెల్ వాడినవాళ్ళలో 38 మందికి, లేనిది వాడినవాళ్ళలో 60 మందికి వైరస్ సోకింది. ముప్పు 39 శాతం తగ్గినట్టు. ఈనాటి సున్నాతో పోలిస్తే అది చిన్న అంకె. కానీ అంతకు ముందు జెల్స్ అన్నీ ఓడిపోయాయి. నొనాక్సినాల్-9 అనే జెల్ అయితే ముప్పు తగ్గించకపోగా పెంచిందని 2000లో ఆ డర్బన్‌లోనే తేలింది. ఆడవాళ్ళ చేతిలో ఉండే మందు పనిచేయగలదని మొదటిసారి చూపింది ఆ క్లినిక్కులే.

అక్కడితో ఆగితే ఇది విజయగాథ అయ్యేది. అదే జెల్‌ను, మాత్రలను పెద్ద ఎత్తున పరీక్షించిన వాయిస్ ట్రయల్ బోల్తా కొట్టింది. 5,029 మంది ఆడవాళ్ళు, మూడు దేశాలు. ఏ మందూ పనిచేయలేదన్నారు. ప్రతి నెలా క్లినిక్‌కు వచ్చినప్పుడు మందు వాడుతున్నారా అని అడిగితే, వాడుతున్నామని చెప్పిన మోతాదు లెక్క 90 శాతం. తిరిగి తెచ్చిన మాత్రలు లెక్కపెట్టినా దాదాపు అంతే. తీరా దాచి ఉంచిన రక్తంలో మందు కోసం వెతికితే, నూటికి 25 నుంచి 30 నమూనాల్లో మాత్రమే కనబడింది. అంటే ఎక్కువమంది మాత్రలు పారేసి, ఖాళీ డబ్బా తెచ్చి చూపించారు.

ఈ ఘట్టాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఆడవాళ్ళు అబద్ధం చెప్పారని అప్పట్లో చాలామంది చదివారు. అడగడం మనకు రాలేదని చదవడం రెండో పద్ధతి. ట్రయల్ అయ్యాక కొందరితో కూర్చుని, ఇదిగో మీ రక్తంలో మందు లేదు, ఏమైందో చెప్పండని నింపాదిగా మాట్లాడారు. అప్పుడు అసలు సంగతులు బయటికొచ్చాయి. ఇంట్లో ఆ డబ్బా కనబడితే హెచ్ఐవీ ఉందనుకుంటారని భయం. భర్తకో ప్రియుడికో తెలిస్తే గొడవ. ఒంట్లో జబ్బు లేకుండా మందు ఎందుకు మింగాలన్న సందేహం. పక్కన కూర్చున్న తోటి వాలంటీర్లు చెప్పుకున్న పుకార్లు. ఇవన్నీ క్లినిక్‌లో నర్సుకు చెప్పరు. నర్సు మంచిది, బస్సు చార్జీ ఇస్తుంది, ఆప్యాయంగా పలకరిస్తుంది, ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకని ‘వాడుతున్నానమ్మా’ అంటారు. మన ప్రభుత్వాసుపత్రిలో బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగితే మన పెద్దవాళ్ళు ఏం చెబుతారో గుర్తు తెచ్చుకుంటే చాలు.

కొన్ని కోట్ల డాలర్లు పోసిన ట్రయల్‌లో మందు ఉంది, ఫ్రీజర్ ఉంది, గణాంక నిపుణులు ఉన్నారు. ఆ ఊరి అమ్మాయి మొహమాటాన్ని చదవగల మనిషి మాట మాత్రం లెక్కలోకి రాలేదు. పరిశోధన సామర్థ్యంలో ఇంత ముఖ్యమైన భాగం ఏ పరికరాల జాబితాలోనూ ఉండదు. సొంత భాషలో, సొంత పద్ధతుల్లో పెరిగిన సామాజిక శాస్త్రవేత్త, స్థానిక కౌన్సిలర్ ప్రొటోకాల్ అనే ట్రయల్ ప్రణాళిక రాసే రోజు నుంచే బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. అంతా అయిపోయాక పిలిచి, ఎందుకిలా అయిందో చెప్పమంటే అది పోస్టుమార్టమే. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ అన్న ఆలోచనకు ఇంత ఆదరణ రావడం వెనక ఈ దెబ్బే ఉంది. దాచుకోవడానికి డబ్బా ఉండదు, రోజూ మింగాల్సిన మాత్ర ఉండదు, ఇంట్లో ఎవరికీ కనబడదు. పర్పస్-1లో రోజువారీ మాత్రల బృందాలు వెనకబడిందీ మళ్ళీ ఆ కారణంతోనే. మాత్ర సరిగా వేసుకున్నవాళ్ళు తక్కువ.

ల్యాబ్ సంగతికొస్తే, అక్కడ సమస్య యంత్రం కొనడంతో తీరేది కాదు. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనడానికి రక్త పరీక్షలో అంకెలు ఇంత నుంచి ఇంత మధ్య ఉండాలని ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలు అమెరికా, ఐరోపా జనాన్ని చూసి తయారైనవి. కెన్యా, రువాండా, ఉగాండా, జాంబియాల్లో 2,100 మందికి పైగా ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒక చిక్కును బయటపెట్టింది. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో చాలామందికి పుట్టుకతోనే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు తక్కువగా ఉంటాయి. దానివల్ల వాళ్ళకు ఏ జబ్బూ లేదు. అమెరికన్ పట్టిక పెట్టి చూస్తే మాత్రం ఎంతోమంది దృఢంగా ఉన్నవాళ్ళే రోగుల లెక్కలో పడతారు. ఇలాంటివాళ్ళను ముందే బయటికి పంపేస్తే టీకా ట్రయల్‌కు మనుషులు దొరకరు. దొరికినవాళ్ళలో మామూలు అంకె కనబడినా దుష్ప్రభావమని రాసుకోవాల్సి వస్తుంది, ఊరికే టెన్షన్. తమ జనం రక్తం మామూలుగా ఎలా ఉంటుందో తామే కొలిచి చెప్పుకోవడం సాదాసీదా పనిలా కనబడుతుంది, కానీ దాని మీదే తర్వాతి ట్రయల్స్ అన్నీ నిలబడ్డాయి.

కాగితాల విషయంలో గట్టి పాఠం కంపాలాలో దొరికింది. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా నెవిరపిన్ మందు తల్లికో డోసు, బిడ్డకో డోసు చాలని ములాగో ఆసుపత్రిలో మకెరెరె, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన హెచ్ఐవీనెట్ 012 ట్రయల్ 1999లో చూపింది. ముప్పు దాదాపు సగం తగ్గింది, ఖర్చు చాలా తక్కువ. 2002లో ఆ రికార్డులను తనిఖీ చేస్తే లోపాలు బయటపడ్డాయి. కొన్ని దుష్ప్రభావాలు నిబంధనల ప్రకారం నమోదు కాలేదు, మూల పత్రాలు సరిగా లేవు. మందు తయారుచేసే కంపెనీ అమెరికాలో ఆ వాడకానికి పెట్టిన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. మందునే అనుమానించేదాకా వెళ్ళింది గొడవ. 2005లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంతా తిరగేసి, డేటా నమ్మదగినదే, నిర్ణయమూ సరైనదేనని తేల్చింది. ఈ మూడేళ్ళ రగడ తర్వాత ఆఫ్రికా కేంద్రాల్లో డేటా మేనేజర్, నాణ్యత తనిఖీ అధికారి అనే ఉద్యోగాలకు గౌరవం వచ్చింది. జబ్బు మనిషిని కాపాడడం అలవాటైన ఆసుపత్రికి, జరిగిన ప్రతిదీ జరిగిన నిమిషానే రాసిపెట్టడం వేరే సంస్కృతి. రోజూ పదుల కొద్దీ ప్రసవాలు చూసే వార్డులో అది ఎంత కష్టమో అక్కడ పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

నమ్మకం ఇంకా పెళుసు. 2004లో కంబోడియాలో, 2005లో కామెరూన్‌లో టెనోఫోవిర్ మాత్రను నివారణకు పరీక్షించే ట్రయల్స్ నిరసనల మధ్య ఆగిపోయాయి. ట్రయల్‌లో ఉండగా ఎవరికైనా వైరస్ సోకితే జీవితాంతం చికిత్స ఎవరిస్తారన్నది ఆందోళనకారుల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబు ముందే సిద్ధం చేసుకోలేదు, ఊరివాళ్ళతో కూర్చోలేదు. ఆ దెబ్బతో 2007లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యుఎన్ఎయిడ్స్, హెచ్ఐవీ నివారణ కోసం పనిచేసే ఏవాక్ సంస్థ కలిసి జనభాగస్వామ్య మార్గదర్శకాలు రాశాయి. ఇప్పుడు ప్రతి కేంద్రం పక్కన స్థానికుల సలహా సంఘం ఉండడం మామూలైంది. ఇది తెలుగువాళ్ళకు దూరపు సంగతేమీ కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఆడపిల్లల తరఫున ఎన్నో అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. సమ్మతి తీసుకున్న తీరే మంచిది కాదు.

సమ్మతి పత్రం అంటే సంతకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. లాటరీ తీసినట్టు కొందరికి మందు, కొందరికి మందు లేని మాత్ర ఇస్తామని, ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదని జులూలోనో లుగాండాలోనో చెప్పి చూడాలి. ‘డాక్టరుకే తెలియదంటే మరి ఆయన డాక్టరెలా అయ్యాడు’ అన్న ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి కావాలి. 1999లో ఉగాండాలో ఆఫ్రికా ఖండపు మొదటి హెచ్ఐవీ టీకా ట్రయల్ మొదలయ్యే ముందు ఇలాంటి చర్చలే ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి టీకా వేసింది 40 మందితో జరిగిన చిన్న ట్రయల్‌లో. ఆ 40 మంది కోసం నడిచిన వాదన దేశమంతటికీ పాఠం అయింది.

ప్రశ్న ఎవరిదన్నది మరో మెట్టు. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల హెచ్ఐవీ ముప్పు పెరుగుతుందా అన్న అనుమానం ఆఫ్రికా ఆరోగ్య శాఖలను ఎన్నో ఏళ్ళు వేధించింది. ఆ ఇంజెక్షన్ మీద ఆధారపడింది అక్కడి ఆడవాళ్ళే, ధనిక దేశాలకు అది అంత పట్టలేదు. ఎకో ట్రయల్ నాలుగు దేశాల్లో 7,829 మందితో ఆ అనుమానాన్ని తీర్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఆ తర్వాత హెచ్ఐవీ నివారణకు ఇచ్చే కాబోటెగ్రవిర్ ఇంజెక్షన్‌ను ఏడు ఆఫ్రికా దేశాల్లో 3,224 మంది ఆడవాళ్ళలో పరీక్షించిన ట్రయల్‌కు నాయకత్వం వహించింది జొహానెస్‌బర్గ్‌కు చెందిన సినేడ్ డెలానీ-మొరెట్ల్వే. అది రోజువారీ మాత్ర కన్నా 88 శాతం మెరుగని తేలింది.

టీకాల్లో మాత్రం ఓటములే. ఉహాంబో అనే టీకా ట్రయల్, 5,404 మంది, 2020లో ఆగింది. టీకా వేసుకున్నవాళ్ళలో 129 మందికి, వేసుకోనివాళ్ళలో 123 మందికి సోకింది. ఇంబొకొడో, 2021. ఉగాండా వైరస్ పరిశోధన సంస్థకు చెందిన పొంటియానో కలీబు నాయకత్వంలో ఆఫ్రికావాళ్ళే నడిపిన ప్రెప్‌వ్యాక్, 2023. మందు ఓడితే ట్రయల్ ఓడినట్టు కాదు. తప్పు టీకాను తప్పని త్వరగా, అనుమానం మిగలకుండా చెప్పగలగడం కూడా సామర్థ్యమే. పైగా ఆ పునాది ఇంకో చోట పనికొచ్చింది. 2021లో దక్షిణాఫ్రికాలో దాదాపు 4.8 లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి కోవిడ్ టీకా వేసిన సిసోంకే అధ్యయనాన్ని నడిపింది హెచ్ఐవీ టీకా ట్రయల్స్‌లో ఆరితేరిన మనుషులే.

ఇక డబ్బు. పెళ్ళికి వేసిన పందిరి ఎంత బాగున్నా పెళ్ళి అయ్యాక విప్పేస్తారు. ట్రయల్ కేంద్రాల పరిస్థితి ఎక్కువ చోట్ల అదే. గ్రాంటు వచ్చింది, 60 మందిని తీసుకున్నారు, నాలుగేళ్ళు శిక్షణ ఇచ్చారు, గ్రాంటు అయిపోయింది, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అందరినీ పంపేశారు. ఏడాది తర్వాత కొత్త ట్రయల్ వస్తే మళ్ళీ అఆల నుంచి మొదలు. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలు గ్రాంటు మీద అదనంగా యాభై శాతానికి పైగా నిర్వహణ ఖర్చు తీసుకోవడం మామూలు. ఇలాంటి ఖాళీ నెలలు గడిపేది ఆ డబ్బుతోనే. అదే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ విదేశీ సంస్థలకు చాలాకాలంగా ఇచ్చింది 8 శాతం. కరెంటు, సెక్యూరిటీ, అకౌంట్స్ ఆడిట్, జనరేటర్ డీజిల్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. మిగిలేదేముంది? సామర్థ్యం పెంచండని ఒక చేత్తో చెప్పి, అది నిలిచే దారిని రెండో చేత్తో మూసేయడం ఇది. పరిశోధన మీద స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం ఖర్చు పెడతామని ఆఫ్రికా దేశాలు 2000ల్లోనే ఒప్పుకున్నాయి, దాదాపు ఏ దేశమూ దాని దరిదాపుల్లోకి రాలేదు. ఆ మాటకొస్తే మన దేశమూ 0.64 శాతం దగ్గరే ఆగింది.

ఆఫ్రికాతో కలిసి ట్రయల్స్ నడపడానికి ఐరోపా దేశాలు 2003లో మొదలుపెట్టిన ఈడీసీటీపీ భాగస్వామ్యం ఈ లోటును కొంత పూడ్చింది. అయినా బరువంతా ఒకే స్తంభం మీద ఉండేది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని స్తంభింపజేసినప్పుడు అది కుంగింది. డర్బన్ దగ్గర ఒక ట్రయల్‌లో ఆడవాళ్ళు యోనిలో పెట్టుకునే ప్రయోగాత్మక నివారణ రింగు వాళ్ళ ఒంట్లో ఉండగానే పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. దక్షిణాఫ్రికా వైద్య పరిశోధన మండలి నాయకత్వంలో ఎనిమిది ఆఫ్రికా దేశాల శాస్త్రవేత్తలు సొంత టీకా కోసం మొదలుపెట్టిన బ్రిలియంట్ కూటమికి రావాల్సిన 4.5 కోట్ల డాలర్ల గ్రాంటు రద్దయింది. ప్రశ్న, రూపకల్పన, నాయకత్వం అన్నీ తమవే అనుకున్న పనికే ముందుగా వేటు పడింది. తర్వాత దక్షిణాఫ్రికా వైద్య పరిశోధనకు గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ ట్రస్ట్ చెరో 10 కోట్ల రాండ్లు ఇస్తామన్నాయి, దక్షిణాఫ్రికా ఖజానా మూడేళ్ళలో 40 కోట్ల రాండ్లు పెట్టాలన్న షరతుతో. ఖజానా ఒప్పుకుంది. పోయినదాంట్లో అది కొంత భాగమే. కానీ సొంత పన్నుల డబ్బు ఆ వరుసలో ముందు నిలబడింది.

తయారీ మాత్రం ఇంకా ఎక్కువగా ఖండం బయటే ఉంది. లెనకాపవిర్‌ను చవకగా తయారు చేయడానికి 2024 అక్టోబర్‌లో గిలియడ్ ఆరు కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది. అందులో రెండు హైదరాబాద్‌వి, డాక్టర్ రెడ్డీస్, హెటెరో. 2025 సెప్టెంబర్‌లో కుదిరిన ఒప్పందాల ప్రకారం 2027 నుంచి మనిషికి ఏడాదికి 40 డాలర్లకు ఇస్తారు. అమెరికాలో అదే మందు ప్రకటించిన ధర 28,000 డాలర్లకు పైనే. డాక్టర్ రెడ్డీస్ ఒప్పందంలో జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థ కూడా భాగస్వామి. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల కంపెనీ మాత్రం ఆ ఆరింటిలో ఒక్కటీ లేదు. దక్షిణాఫ్రికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 అక్టోబర్‌లో ఆ ఇంజెక్షన్‌కు అనుమతి ఇచ్చింది, ఖండంలో మొదటిది అదే. నవంబర్‌లో మొదటి డోసులు జాంబియాకు, ఎస్వాటినీకి చేరాయి. పర్పస్-1 జరిగిన 28 కేంద్రాల్లో 25 ఉన్న దేశానికి తమ వాటా డోసులు ఇవ్వబోమని అమెరికా చెప్పింది. దక్షిణాఫ్రికా గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి ద్వారా తెచ్చుకోవాల్సి వచ్చింది.

కొత్త మందులను ఇక పరీక్షించడం కూడా కష్టమవుతోంది. ఇంత బాగా పనిచేసేది చేతిలో ఉండగా మందు లేని మాత్ర ఇవ్వడం న్యాయం కాదు. మందుతో మందును పోల్చాలంటే కేసులు తక్కువ వస్తాయి, మనుషులు ఎక్కువ కావాలి, గణాంకాలు ఇంకా చిక్కబడతాయి. పర్పస్-1 దీనికి కొత్త దారి తొక్కింది. ట్రయల్‌లో చేర్చుకునే ముందు పరీక్షించిన 8,000 మందికి పైగా అమ్మాయిల్లో ఇటీవలే సోకినవాళ్ళను లెక్కగట్టి, మందు లేకపోతే ఏడాదికి నూటికి 2.41 మందికి సోకేదని తేల్చుకుంది. నెలకోసారి మింగే మెర్క్ మాత్రను పరీక్షించే తర్వాతి పెద్ద ట్రయల్ కెన్యా, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 4,580 మంది ఆడవాళ్ళతో తలపెట్టారు. అది నడిచినన్నాళ్ళూ ఆ కేంద్రాల్లో జీతాలుంటాయి.